చెమ్మ గోడ మీద జలపాతం

గోడలోంచి నీళ్ళు కారుతుంటే ప్లంబర్ని పిలిచేవాడు పాతకాలపు మనిషి. నాగరికుడైన గృహస్థుడు నాలుగు రంగు డబ్బాలు, రెండు బ్రష్షులు కొనుక్కొస్తాడు!

నవ్వకండి. ఎవరి ఇంటిని వాళ్ళే సొంత చేతులతో ముస్తాబు చేసుకోవడమనే ఈ విద్య మనుషులకి దొరికిన వరం. దీనివల్ల ఖాళీ సీసాకి కూడా భవిష్యత్తు ఉంటుంది. ఎండుపుల్లకి గౌరవం దక్కుతుంది. ఇంట్లోవాళ్ళకి నిలబడి భోంచేసే అలవాటు వస్తుంది. ఇంకేం కావాలి? నమ్మకం కుదరకపోతే ఒక హెడ్ నర్సు ఇంట్లో జరిగింది వినండి.

ఆవిడ పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల వార్డు చూస్తుంది. ముప్పై మంచాలు. ఏ మంచం మీది మనిషి ఎలా దగ్గుతున్నాడో తలుపు దగ్గర నిలబడి చెప్పగలదు. పొద్దున్నే వెళ్ళి సాయంత్రం చెప్పులీడుస్తూ ఇంటికొస్తుంది. భర్త బీమా ఆఫీసులో గుమాస్తా. కప్పు కూలిందనో గోడ బీటలిచ్చిందనో జనం పెట్టుకున్న అర్జీల మీద 'సకాలంలో మరమ్మతు చేయించుకోనందున తిరస్కరించడమైనది' అని రాసి తిప్పి పంపడం ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా ఆ వాక్యం ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాడు. బిల్డింగులో అందరూ ఆయన్ని 'ఐడియాగారు' అంటారు. అది వెటకారమని ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

ఇంట్లో మూడో మనిషి ఐడియాగారి తల్లి. ముప్పై ఏళ్ళు టైపు నేర్పి, వేళ్ళు వంకర్లు పోయినా నాలుక మాత్రం తిన్నగా ఉన్న మనిషి. ఆవిడ గది హాలు గోడకి అవతల. మంచం ఆ గోడకి ఆనించి ఉంటుంది. గది ఎంత చిన్నదంటే మంచం వేశాక మిగిలింది తలుపు తెరుచుకునేంత జాగా మాత్రమే.

ఎనిమిది నెలల కిందట ఆ గోడ మీద సాసరంత చెమ్మ మరక కనిపించింది. నెల తిరిగేసరికి కంచమంత అయింది. ఆ తర్వాత సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడడం మొదలుపెట్టింది.

"ఏమండీ, పై బాత్రూం పైపు కారుతున్నట్టుంది. ప్లంబర్ని పిలవండి" అంది నర్సు.

"ఆదివారం చూద్దాం" అన్నాడాయన.

ఆదివారాలు వస్తూనే ఉన్నాయి. విసిగిపోయి నర్సే ఒకరోజు ప్లంబర్ని వెంటబెట్టుకొచ్చింది. అతను గోడ మీద వేలితో టకటకా కొట్టి "పగలగొట్టి చూడాలమ్మా" అన్నాడు. పగలగొట్టడమా! ఐడియాగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఏడాది చివరి సెలవుల్లో అక్కా బావగారూ వస్తున్నారు. కన్నం పడ్డ గోడ వాళ్ళకి చూపించాలా? ప్లంబర్ సంచీ సర్దుకుని పోయాడు.

ఆ సాయంత్రమే ఐడియాగారు ఫోనులో ఒక వీడియో చూశాడు. ఎవరో మహానుభావుడు పన్నెండు నిమిషాల్లో పాడుబడ్డ గదిని రాజమహల్ చేసేశాడు. ఆ పన్నెండు నిమిషాలే కొంప ముంచాయి.

ముందు 'హాలిడే అరేంజ్‌మెంట్' మొదలైంది. పార్కులో ఏరుకొచ్చిన ఎండుపుల్లలకి వెండి రంగు కొట్టి పూలకుండీలో గుచ్చాడు. సీసాలకి పురికొస చుట్టాడు. కాగితపు నక్షత్రాలు కప్పు నుంచి వేలాడదీశాడు. హాల్లో నడవాలంటే దారిలో వచ్చిన ప్రతి నక్షత్రానికీ తల వంచాల్సిందే! భోజనాల బల్ల మీద ఇసుక పోసి, గవ్వలు పేర్చి, గాజు జాడీల్లో లైట్లు పెట్టాడు. బల్ల సముద్రతీరమైపోయింది కాబట్టి అందరూ వంటింట్లో నిలబడి కంచం చేత్తో పట్టుకుని తినేవారు. సోఫా మీద తెల్ల దిండ్లు వెలిశాయి. వాటి మీద కూర్చోకూడదు. కూర్చుంటే నలుగుతాయి. సోఫా అన్నది కూర్చోడానికి కాదన్న జ్ఞానం మనలో ఎంతమందికి ఉంది చెప్పండి?

పడకగది వర్క్‌షాపైంది. అత్తగారి మంచం అక్కడికి మారుద్దామని నర్సు అనుకునేలోపే ఆ గదినిండా పుల్లలు, జిగురు సీసాలు, ఆరబెట్టిన అట్టముక్కలు పరుచుకున్నాయి.

ఆపైన గోడ. ఐడియాగారు ఆఫీసు ప్రొజెక్టరు తెచ్చి హాలు గోడ మీద అడవి బొమ్మ వేసి, పెన్సిల్‌తో గీత గీశాడు. పంతొమ్మిది సాయంత్రాలు రంగులు వేశాడు. చెట్లు బాగానే కుదిరాయి. జింక మాత్రం కుక్కలా తయారైంది, దానికి కొమ్ములు పెట్టి గౌరవం కాపాడాడు. ఒక్క చెమ్మ మరక మీదే రంగు నిలవలేదు. ఎన్నిసార్లు పూసినా పొద్దున్నకి ఊడి కింద పడేది. మూడు రోజులు మథనపడ్డాక మెరుపులాంటి ఐడియా వచ్చింది. నీళ్ళున్నచోట నీళ్ళ బొమ్మే వేస్తే? అంతే, మరక ఉన్నంతమేరా జలపాతం దూకించి, దాని కింద రాళ్ళ బొమ్మలు వేసి, అన్నిటి మీదా మందంగా నూనె రంగు, ఆపైన వార్నిషు పూశాడు.

తల్లి కర్ర పట్టుకుని వచ్చి చూసింది.

"ఎవర్రా ఆ గడ్డపాయన?"

"గడ్డం కాదమ్మా. జలపాతం."

"ఓహో. అయితే ముసలాయన నీళ్ళోసుకుంటున్నాడన్నమాట" అని, దగ్గుతూ లోపలికి వెళ్ళిపోయింది.

ఇటువైపు దారి మూసేస్తే నీళ్ళు ఊరుకుంటాయా? అటువైపు దారి చూసుకున్నాయి. వారం తిరక్కుండా అత్తగారి దిండు వెనక గోడ నల్లగా బూజు పట్టింది. దుప్పటి పిండితే నీళ్ళొచ్చేలా ఉంది. తెల్లారుజామున ఆవిడ ఊపిరి తీస్తుంటే గొంతులో పిల్లికూతలు వినిపించాయి. నర్సు స్టెతస్కోపు పెట్టి వీపంతా విన్నది. వార్డులో వినే చప్పుడే. అక్కడైతే చీటీ మీద రాసి డాక్టరుకి ఇస్తుంది. ఇక్కడ ఎవరికివ్వాలి?

నిచ్చెన మీదున్న భర్త దగ్గరికి వెళ్ళింది.

"ఏమండీ, అత్తయ్యకి ఊపిరాడట్లేదు. ఆ చెమ్మలో ఇంక ఒక్క రోజు కూడా ఉంచకూడదు."

"పదిరోజులు ఓపిక పట్టు. అక్కావాళ్ళు వచ్చి చూసి వెళ్ళగానే ప్లంబర్ని పిలుస్తాను."

"ఆవిడ మీ అమ్మండీ."

"నేను కాదన్నానా? ఈ ఆకు ఆరేలోపు ఇంకో కోటింగ్ వెయ్యాలి, కాస్త నిచ్చెన పట్టుకో."

నర్సు నిచ్చెన పట్టుకోలేదు. లాగేసే ఆలోచన మాత్రం వచ్చిందని తర్వాత వార్డులో తోటి నర్సుకి చెప్పింది. ఆరోజు పడకగదిలోని పుల్లలన్నీ వరండాలోకి విసిరి, అత్తగారి మంచం ఆ గదిలో వేసి డ్యూటీకి వెళ్ళింది. ఐడియాగారు సాయంత్రానికి అవన్నీ జాగ్రత్తగా మళ్ళీ లోపలికి చేర్చి, "వాటి రంగు ఎండకి మారుతుంది" అని మంచాన్ని పాత చోటికే తోశాడు. నర్సు డ్యూటీ నుంచి వచ్చేసరికి అత్తగారు ఆ నల్ల గోడ పక్కనే, దుప్పటి ముఖం మీదికి లాక్కుని పడుకుని ఉంది. "పోనీలే అమ్మాయ్, వాడి సరదా" అంది. ఆ మాట నర్సుకి బూజు కన్నా ఎక్కువ మంట పుట్టించింది.

అక్కా బావగారూ వచ్చారు. ఇరుగుపొరుగు కూడా చూడ్డానికొచ్చారు. వచ్చినవాళ్ళంతా నక్షత్రాల కింద తలలు వంచుకుని, కూర్చునే వీల్లేక గోడల వెంట బారులు తీరి, ఫోనులు పైకెత్తారు.

"తమ్ముడూ! జలపాతం అచ్చం నిజం నీళ్ళలా మెరుస్తోందిరా!" అంది అక్క.

"వార్నిష్ ఎఫెక్ట్ అక్కా" అన్నాడు ఐడియాగారు, వినయంగా నేల చూస్తూ.

"కింద రాళ్ళు ఇంత ఉబ్బెత్తుగా ఎలా తెప్పించావోయ్?" అన్నాడు బావగారు.

ఆ ఉబ్బు సంగతి ఐడియాగారికీ కొత్తే. కానీ కళాకారుడు ఎరగనంటాడా? "అదొక టెక్నిక్ బావగారూ" అన్నాడు. బావగారు ముచ్చటపడి బొటనవేలితో ఒక రాయిని నొక్కాడు.

ఫట్‌మంది! రంగు తోలులా చీలి, చిల్లులోంచి బురద నీళ్ళు బావగారి చొక్కా మీదికి చిమ్మాయి. వెనకే గంపెడు సున్నం సముద్రతీరం మీద కూలింది. జాడీల్లో లైట్లు చిటపటమని ఆరిపోయాయి. ఒకాయన అయితే ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టాడు.

లోపల్నించి తల్లి "ఒరేయ్, వాన మొదలైందా?" అని అడిగింది. ఆ వెంటే దగ్గు తెర వచ్చింది. ఆగలేదు.

ఐడియాగారు రెండు చేతులతో జలపాతాన్ని అదిమి పట్టుకుని ఉన్నాడు. నర్సు గదిలోకి పరిగెత్తింది. అత్తగారి పెదవులు నీలంగా మారుతున్నాయి. చంకల కింద చేతులు వేసి ఎత్తి హాల్లోకి తెచ్చింది. సోఫా మీది తెల్ల దిండ్లు ఒక్క తోపుతో నేలమీది బురదలోకి తోసేసి, ఆవిడని నిటారుగా కూర్చోబెట్టింది. మందు పీల్పించే గొట్టం నోటికి పెట్టి "నెమ్మదిగా అత్తయ్యా, నెమ్మదిగా లాగండి" అంటూ వీపు రాసింది.

పెదవులకి రంగు తిరిగాక నర్సు లేచి, అందరి ముందూ ప్లంబర్‌కి ఫోను చేసింది.

"రండి. వచ్చి పగలగొట్టండి. ఈసారి ఎవరూ అడ్డురారు."

ఎవరూ అడ్డురాలేదు. ప్లంబర్ సుత్తీ ఉలీ తీసి, కొమ్ముల కుక్కతో మొదలుపెట్టి గడ్డపాయన దాకా ఇటుకలు కనిపించేలా చెక్కేశాడు. పైపు జాయింటు వదిలింది. అది బిగించడానికి పట్టింది ముప్పావు గంట. ఎనిమిది నెలల్లో ఆ ముప్పావు గంట దొరకని మనిషికే పంతొమ్మిది సాయంత్రాలు దొరికాయి!

"ఎన్నాళ్ళ నుంచీ కారుతోందమ్మా ఇది?" అన్నాడు ప్లంబర్, చేతులు తుడుచుకుంటూ.

"మావాడు అడవులకి పోకముందు నుంచీ" అంది సోఫా మీంచి తల్లి.

ఐడియాగారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తల్లి కోసం కాదు, జింక కోసం. మూడోరోజు ఫోను చూస్తూ ఉలిక్కిపడి లేచాడు. పెద్ద పెద్ద ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు కావాలనే సున్నం చెక్కించి, ఉత్త ఇటుక గోడ ఉంచుకుంటున్నారట! వెంటనే చెక్కేసిన గోడని ఫొటో తీసి, 'నా చేతులతో' అని రాసి పెట్టాడు. సాయంత్రానికి నాలుగువందల మంది మెచ్చుకున్నారు. అక్క తన హాలు గోడ ఎప్పుడు పగలగొట్టాలో ముహూర్తం అడిగింది. కిందింటాయన సుత్తి అరువడిగాడు.

వారం గడిచింది. అత్తగారి గది గోడ ఆరింది. ఒకరోజు పొద్దున్న నర్సు డ్యూటీకి బయల్దేరుతూ ఆ గుమ్మం దగ్గర ఆగి, అలవాటుగా చెవి పెట్టింది. పిల్లికూతలు లేవు. ఊపిరి మెత్తగా, సాఫీగా వస్తోంది. ఎన్నో నెలల తర్వాత అత్తగారు తెల్లారేదాకా నిద్రపోయింది. నర్సుకి కళ్ళు చెమర్చాయి. ఎవరికైనా చెప్పాలనిపించి హాల్లోకి వచ్చింది. భర్త గోడకెదురుగా మోకాళ్ళ మీద కూర్చుని ఫోను పట్టుకుని ఉన్నాడు.

"ఏమండీ, అత్తయ్యకి దగ్గు పూర్తిగా తగ్గిపోయింది."

"అలాగా, మంచిది" అన్నాడు ఐడియాగారు. "కాస్త పక్కకి జరుగు, ఇటుకల మీద నీ నీడ పడుతోంది."