చపాతీ కర్ర మీద మక్బూల్ దండయాత్ర

మందుల ఫ్యాక్టరీల ధూమం మేఘమండలాన్ని గాఢాలింగనం చేసుకొని వదలని వేళ, రహదారి లారీల హారన్లు శంఖనాదాలై దశదిశలను చెవిటివి చేస్తున్న వేళ, పటాన్‌చెరు రేకుల షెడ్డులో లేత్ మిషన్ ముందు ఉలి ధరించి నిలిచాడు మక్బూల్: నాలుగు వేల మంచం కోళ్లకు నడుములు తీర్చిన ధీరుడు, ఇరవై రెండేళ్లుగా చెక్కను నునుపు చేసే గరుకు కాగితాన్ని తాకని కఠోరవ్రతుడు!

ఉలిపిడిని బొజ్జకు ఆనించి, బొజ్జను కదిలించి ఉలిని నడపడం ఆ వీరుని రణరీతి. పక్క మిషన్ బర్నబా రీతి వేరు. బక్కప్రాణి చేతులు చాచి మెల్లగా గోకుతాడు, ఆపై కాగితంతో రుద్దుతాడు.

కంది ఊరి దగ్గర చపాతీల బండి నడిపే జైతూన్ బీ కొత్త చపాతీ కర్ర కోసం షెడ్డుకు వేంచేసింది. మక్బూల్ ఉలి మోపాడు. హా దైవమా! షుగరు డాక్టరు ఆజ్ఞతో మూడు నెలలు నడిచి నడిచి కరిగిపోయిన ఆ బొజ్జపర్వతం ఉలికి ఆసరా ఇవ్వలేకపోయింది. కర్ర నిండా గాట్లు!

“ఏంది భాయ్, కర్రకు పక్కటెముకలు మొలిపిస్తున్నవా? జెర కాగితం పెట్టు, ఇజ్జత్ ఏం పోదు,” అన్నాడు బర్నబా.

మక్బూల్ గర్జించాడు: “ఇంకో కర్ర తియ్యి! దానికి కాగితం తాకిందనుకో, రేపటి సంది నీ తీరుగనే గోక్కుంట బతుకుత!”

“లొల్లి తర్వాత పెట్టుకోర్రి బేటా, నా పిండి ఎండుతుంది,” అంది జైతూన్ బీ.

అంతట ఆ మహాబుద్ధిశాలి సంచి నిండా రంపపు పొట్టు కూరి, అంగీలోకి దోపి, తువ్వాలుతో బిగించి, పూర్వవైభవం పొందాడు.

“డాక్టర్ సూస్తె మల్ల నడిపిస్తడు!” అని పగలబడి నవ్వాడు బర్నబా.

కృత్రిమోదరం కదిలింది, ఉలి పాడింది, కర్ర నుంచి సన్నని పొర తెగకుండా సుడులు తిరుగుతూ మక్బూల్ మెడలో జయమాలై పడింది.

జైతూన్ బీ బొటనవేలితో కర్రను ఈ కొస నుంచి ఆ కొస దాకా నిమిరింది.

“నున్నగుంది. కాగితం అక్కర్లే.”

బర్నబా దగ్గరకొచ్చి, సంచిని ఒకసారి నొక్కి చూసి, గొంతు తగ్గించి అన్నాడు: “భాయ్, గిసొంటిది నాకొకటి కట్టరాదు? చేతులు గుంజుతున్నయ్.”

లోకులారా వినుడు! ఆ విధంగా అడుగున్నర పొడవు గల మహాసామ్రాజ్యం సంపూర్ణంగా జయింపబడినది!