వరండా మూల గోడ

ఏలూరు శివార్లలో, తమ్మిలేరుకు కూతవేటు దూరంలో ఉన్న ఆ పెంకుటి బంగళా జ్ఞానప్రసూనాంబ తాతగారు కట్టించినది. కొత్త రోడ్డు దాని వరండా మీదుగా పోతుందని కిందటి నెల ఎవరో వచ్చి మెట్టు మీద ఎర్ర గీత గీసి వెళ్లారు. ఆనాటి నుంచి ఆవిడకు అన్నం సహించడం లేదు. పాత కట్టడాల కమిటీ వచ్చి చూసి, కాపాడదగ్గ ఇల్లే అని రాస్తే రోడ్డు పక్కకు జరుగుతుందట. ఆ కమిటీ తరఫున ఇందుజ అనే ఆవిడ ఈ రోజు పదింటికి వస్తోంది.

జ్ఞానప్రసూనాంబ తాడేపల్లిగూడెంలో చెల్లెలి ఇంటికి వెళ్లింది, పదింటికల్లా వచ్చేస్తుంది. ఈలోగా ఇంటిని ముస్తాబు చేసి భార్య మొహంలో నవ్వు చూడాలని గంగరాజు ప్లాను. ఎరువుల కొట్టు నడిపే మనిషి కదా, సరుకు సంగతి తర్వాత, ముందు కొట్టు కళగా ఉండాలంటాడు. తెల్లవారగానే సున్నాలు వేసే శామ్యూల్‌ని పిలిపించాడు.

"గోడలన్నీ పాలలా ఉండాలి శామ్యూల్. ముఖ్యంగా ఆ వరండా మూల గోడ. ఆ బొట్లు కనబడ్డాయంటే ఇది మునిగే కొంప అని రాసేస్తుంది మేడంగారు."

వరద మెట్లెక్కినప్పుడల్లా ఆ ఇంటి ఆడవాళ్లు నీళ్లు తాకిన చోట గోడకి పసుపు రాసి కుంకుమ పెట్టేవారు. "ఇందాకా వచ్చావు తల్లీ, బొట్టు పెట్టించుకుని వెళ్లు" అని గంగమ్మను సాగనంపేవారు. పక్కనే తాతగారు మేకుతో తేదీ గీసేవారు. ఆయన తర్వాత ఇంట్లో ఎవరో ఒకరు గీస్తూనే వచ్చారు. జ్ఞానప్రసూనాంబ ఏటా శ్రావణ శుక్రవారం ఆ బొట్లు మళ్లీ దిద్దుతుంది. అన్నిటికంటే కిందది వాళ్లమ్మ పెట్టినది.

"అమ్మగారికి చెప్పారాండీ?" అన్నాడు శామ్యూల్.

"సర్‌ప్రైజు" అన్నాడు గంగరాజు.

ఎనిమిదిన్నరకల్లా ముందు గోడలన్నీ తెల్లబడ్డాయి. దూరం నుంచి చూస్తే ఇల్లు కొత్త ఆస్పత్రిలా ఉంది. మేడంగారు చూడటానికొచ్చేది పాత ఇల్లని గంగరాజుకి అప్పుడు గుర్తొచ్చింది. పాతదనం మళ్లీ తెప్పించాలి. పెళ్లి పందిళ్లు వేసే మత్తయికి ఫోన్ చేశాడు.

"రాజమహల్ సెట్టుందండి. నాలుగు స్తంభాలు, రెండు సింహాలు."

"సింహాలొద్దయ్యా."

"సెట్టు విడగొట్టి ఇవ్వమండి."

సింహాలు కూడా దిగాయి. వ్యాను పక్కింటి వెంకటరమణమ్మ కంటబడింది. ఆ ఇంట్లో పెళ్లీడు పిల్లలెవరూ లేరు కనక ఇది షష్టిపూర్తే అని ఆవిడ తేల్చేసి, అక్షింతలు, పూలదండలతో సహా వీధంతా వెంటబెట్టుకొచ్చింది.

"నాకు యాభయ్యారేనండీ" అన్నాడు గంగరాజు.

"సిగ్గెందుకు అన్నయ్యగారూ" అంటూ ఆవిడ దండ అందిస్తే, ఎవరో ఆయన మెళ్లో వేసేశారు.

పదింటికి ఇందుజ గేటు తీసిందో లేదో పన్నీరు జల్లారు. ఆవిడ తడబడి, "వేరే ఇంటికొచ్చాననుకుంటానండీ" అంది.

"ఇదేనండీ, ఇదే పాత ఇల్లు" అన్నాడు గంగరాజు దండలోంచి.

"ఈ స్తంభాలు ఏ కాలానివండీ?"

"మా ఆవిడ తాతగారి కాలానివి."

ఇందుజ వంగి చూసింది. స్తంభం అడుగున మత్తయి సెల్ నంబరు ఉంది. ఆవిడ పుస్తకం మూసేసింది. "గోడలకి కొత్త సున్నం, స్తంభాలు థర్మోకోల్. రాయడానికి ఏమీ మిగల్చలేదండీ మీరు."

సరిగ్గా అప్పుడే జ్ఞానప్రసూనాంబ ఆటో దిగింది. సింహాలను గాని జనాన్ని గాని చూడలేదు, తిన్నగా వరండా మూలకు వెళ్లింది. బొట్లుండే చోట స్తంభం నిలబడి ఉంది. దాని చుట్టూ అంతా తెలుపే.

"మా అమ్మ పెట్టిన బొట్టేదండీ?" అంది నెమ్మదిగా.

ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ గంగరాజుని ఏదీ అడగలేదు, ఇప్పుడు అడిగింది ఈ ఒక్కటే.

శామ్యూల్ వచ్చి స్తంభం పక్కకు జరిపాడు. వెనక మూరెడు వెడల్పున పాత గోడ పాత గోడలాగే ఉంది. ఏడు బొట్లు, ఏడు తేదీలు.

"అయ్యగారు చెప్పారు గానీ, ఇరవై ఏళ్లుగా ఈ ఇంటికి సున్నం వేస్తున్నా అక్కడ కుంచె పెట్టలేదండి" అన్నాడు. "మేం చర్చికెళ్లేవాళ్లమే. అయినా అమ్మగారి బొట్లు నేనెలా చెరుపుతానండీ? అందుకే ముందు గోనెపట్టా కప్పి, తర్వాత మత్తయిని స్తంభం అక్కడ పెట్టమన్నాను."

ఇందుజ గోడ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. టేపుతో ఒక్కో బొట్టూ కొలిచింది. "తేదీలతో సహా వరద లెక్క గోడ మీదే ఉందండీ. ఎనభై ఏళ్లది. ఇంకేం కావాలి?" అంటూ పుస్తకం మళ్లీ తెరిచింది.

"నిన్ను నవ్వించాలనుకున్నాను ప్రసూనా" అన్నాడు గంగరాజు.

ఆవిడ కళ్లు తుడుచుకుని అప్పుడు చూసింది ఆయన మెడలో దండను, అటూ ఇటూ సింహాలను. నెల రోజుల తర్వాత మొదటిసారి పకపకా నవ్వింది. తెచ్చిన అక్షింతలు వృథా ఎందుకని వెంకటరమణమ్మ రెండో దండ ఆవిడ మెళ్లో వేసింది.

రోడ్డు పక్కకు జరిగింది. కమిటీ రిపోర్టులో ఇంటి గొప్పతనం గురించి నాలుగు పేజీలున్నాయి, గంగరాజు గురించి ఒక్క వాక్యముంది: యజమానురాలి భర్తను గోడలకు దూరంగా ఉంచవలెను.