మనిషి కాదని తేలిన మహిపాల్

మంగళవారం పొద్దున పదకొండుంబావుకు గుండేటి మహిపాల్ మనిషి కాదని తేలింది. హనుమకొండలో గది అద్దెకు తీసుకుని సర్కారు కొలువుల పరీక్షలకు నాలుగేళ్లుగా చదువుకుంటున్న అతనికి మూడు నెలలుగా గుండెల్లో ఏదో బరువు. ఎవరికీ చెప్పుకోలేక యువకుల మానసిక సాంత్వన వెబ్‌సైటు తెరిచాడు. రోబో కాదని నిరూపించుకోమంటూ అది తొమ్మిది మంది కుర్రాళ్ల సెల్ఫీలు చూపించి, దిగులుగా ఉన్నవాళ్లను ఎంచుకోమంది. మహిపాల్ తొమ్మిది మందినీ ఎంచుకున్నాడు. తప్పంది. అందరూ నవ్వుతూనే ఉన్నారు కదా అని కింద వివరణ కూడా ఇచ్చింది. ఇచ్చిన మూడు అవకాశాల్లోనూ అతను అదే తప్పు చేయడంతో రోబోగా నమోదు చేసి, ధ్రువపత్రం ఫోనుకు పంపింది.

వెబ్‌సైటు వాళ్ల ఆఫీసుకు పోయి, కౌంటర్లో కూర్చున్న సరోజన మేడమ్‌కు మొరపెట్టుకున్నాడు.

“నేను మనిషినే మేడమ్.”

“నువ్వంటే అయితదా తమ్మీ? సిస్టంల రోబో అనే సూపిస్తాంది.”

మహిపాల్‌కు ఏడుపు ఆగలేదు. ఆమె ఫారం తీసి, లోపాల గడిలో ‘కళ్ల దగ్గర నీటి లీకేజీ’ అని రాసి స్టాంపు గుద్దింది. వారంలో మెకానిక్ వస్తాడంది.

తండ్రికి ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

“రోబో అంటే పర్మినెంటేనా?” అని అడిగాడాయన.

“పర్మినెంటే నాయినా.”

“ఇంకేంది బిడ్డా, మంచిదే కద!”

ఆ గొంతులో అంత సంతోషం మహిపాల్ నాలుగేళ్లుగా వినలేదు. గదిలో అతనితో పాటు ఉండే యాకూబ్ మాత్రం ధ్రువపత్రం చూసి, “ఛార్జింగ్‌కు నా ప్లగ్గు ముట్టకు” అన్నాడు.

సోమవారం నుంచి అదే వెబ్‌సైటులో రోబో కింద మహిపాల్‌కు డ్యూటీ పడింది. దిగులు చెప్పుకునే కుర్రాళ్లకు గదిలోంచే ఫోన్లో జవాబులు రాయాలి. అందరూ ముందు ఒకటే అడిగేవారు: నువ్వు మనిషివి కాదు కదా? కాదని రాయగానే కడుపులో ఉన్నదంతా కక్కేసేవారు. మొదటి రోజు అలవాటు లేక ఒకడికి మనిషినేనని రాస్తే, వాడు క్షమించమని చెప్పి పారిపోయాడు.

గురువారం మధ్యాహ్నం ఒకడు రాశాడు: “నాకు బతకబుద్ధి అయితలేదు. రూమ్మేట్‌కు చెప్దామంటే, నవ్వుతడేమోనని భయం. వాడు మొన్ననే రోబో అయిండు.”

మహిపాల్ తలెత్తాడు. ఎదుటి మంచం మీద యాకూబ్ గోడవైపు తిరిగి ఫోన్లో టైపు చేస్తున్నాడు. మహిపాల్ ‘యాకూబ్’ అని రాశాడు. చెరిపేశాడు. తరువాత గంటన్నర సేపు, తనకు ఎవరైనా చెబితే బాగుండుననుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే రాసి పంపాడు. యాకూబ్ భుజాలు మెల్లగా దిగాయి. వాడు మొహం కడుక్కుని వచ్చాడు.

“చాయ్‌కి వస్తవా?”

ఇద్దరూ సందు చివరి హోటల్‌కు నడిచారు. చాయ్ వచ్చేదాకా ఎవరి ఫోన్ వాళ్లు చూసుకున్నారు.

“ఎట్లున్నవ్ రా?” అని అడిగాడు మహిపాల్.

“మస్తున్న. నువ్వు?”

“నేను గూడ మస్తున్న.”