నూరు శాతం మూతలు

అయ్యా ఇంజనీరుగారూ, కొత్త కాలనీలో ఇంటింటికీ మ్యాన్‌హోల్ మూత పెట్టి, దాని కింద గొట్టం వేయనిది మీరే. ముఖం మీదే అంటున్నాను.

అయినా మెచ్చుకోవలసింది మెచ్చుకోవాలి. పోయిన నెల మంత్రిగారు మైకు ముందు నిలబడి, "నగరంలో నూరు శాతం ఇళ్లకు కుళాయి నీళ్లు, డ్రైనేజీ ఇచ్చేశాం" అని ప్రకటించి, మీకు షీల్డు కూడా ఇచ్చారు. ఆ ధైర్యంతోనే మేము అద్దె ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. మా ఆవిడకు ఎనిమిదో నెల. ఇప్పుడున్న చోట మూడంతస్తులు నీళ్లు మోయాలి. కాన్పు నాటికి కుళాయి ఉన్న ఇంట్లో దిగాలి, అంతే.

బ్రోకరు చూపించిన మొదటి ఇంటి గేటుకు "కనెక్షన్ పూర్తయిన గృహం" అని నీలం ప్లేటు ఉంది. మా ఆవిడ కుళాయి తిప్పింది. బుస్సుమని గాలి వచ్చింది.

"గాలొస్తోందంటే లైనున్నట్టేనమ్మా" అన్నాడు బ్రోకరు.

"పుట్టే బిడ్డకి గాలితో స్నానం చేయించమంటావా అన్నయ్యా?"

నేను పెరట్లో మూత ఎత్తాను. కింద గట్టి మట్టి, అందులో చీమల పుట్ట. భూగర్భ వ్యవస్థ చీమలదాకా మాత్రం అందింది.

తిన్నగా మీ ఆఫీసుకు పోయాను. మీరు షీల్డు తుడుచుకుంటున్నారు.

"సార్, మూత కింద గొట్టం లేదు."

"మూత ఉందా?"

"ఉంది."

"మూత మా సెక్షను. గొట్టం పక్క సెక్షను. వాళ్లకింకా టెండరే కాలేదు. వాళ్లకోసం కూర్చుంటే మా టార్గెట్ ఏం కాను?"

"మరి కుళాయి?"

"తిప్పితే తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

"ఫారంలో అడిగింది అదేనయ్యా."

ఫారం చూపించారు. కుళాయి తిరుగుట: అవును. మూత పడుట: అవును. నీళ్లకు గడి లేదు. ఇంత నిజాయితీగా నింపిన ఫారం నేను చూడలేదు.

మూడు వారాల్లో పద్నాలుగు ఇళ్లు చూశాం. పద్నాలుగు ప్లేట్లు, పద్నాలుగు మూతలు. చివరికి బ్రోకరు గొంతు తగ్గించి, "పాత వీధిలో ఒకటుందమ్మా. లిస్టులో లేదు, ప్లేటూ లేదు. నీళ్లు మాత్రం వస్తాయి" అన్నాడు.

పరుగున వెళ్లాం. అప్పటికే పెరట్లో ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని, మూత ఎత్తి, బకెట్టు నీళ్లు గుమ్మరించి, చెవి ఆనించి వింటున్నాడు.

"పోతున్నాయే, చప్పుడు వినబడుతోంది" అన్నాడు భార్యతో. ఆవిడ కుళాయి కింద దోసిలి పట్టి తాగుతోంది.

ఆయన తల ఎత్తారు. చూస్తే మీరే.

"సార్, ఈ ఇల్లు మీ లిస్టులో లేదు కదా?"

"లేదు కాబట్టే తీసుకున్నాం" అని తాళంచెవి జేబులో వేసుకున్నారు. మా ఆవిడ వైపు చూసి ఎంతో ఆప్యాయంగా, "కంగారుపడకమ్మా, లిస్టులో మీకు బోలెడు ఇళ్లున్నాయి" అన్నారు.

ఇంజనీరుగారూ, ఆ తాళంచెవి రేపు పొద్దుటికల్లా మా ఆవిడ చేతిలో పెట్టండి. మీ సామాను ఆ పద్నాలుగు ఇళ్లలో మీకు నచ్చినదాంట్లో దింపుకోండి. పక్క సెక్షను వాళ్లను రెక్క పట్టి లాక్కొచ్చి, మట్టి తవ్వి గొట్టం వేయించండి. డాక్టరు మాకిచ్చిన తేదీ ఇరవై ఆరు. దాన్ని పొడిగించడం ఏ సెక్షను వల్లా కాదు.