ఊపిరి బిగబట్టిన కొలతలు

మతి చలించిన స్థితిలో నేరం చేసినవారికి వైద్యం చేసే ఆ ఆసుపత్రిలో, అక్కడి సేవలతో రోగులు ఎంత సంతృప్తిగా ఉన్నారో కొలవాలని పైవారు నిర్ణయించారు. ముప్పై రెండు ప్రశ్నల పత్రం అచ్చయి వచ్చింది. జవాబులు పూర్తిగా రహస్యం. అయితే పెన్ను ప్రమాదకర వస్తువుల జాబితాలో ఉన్నందున రోగి చెబుతాడు, వార్డు కాపలాదారు రాస్తాడు, డాక్టరుగారు పక్కన కూర్చుంటారు. రహస్యానికి భంగం కలగకుండా ముగ్గురూ కళ్ళు దించుకోవాలని ఉత్తర్వు.

కాపలాదారును అందరూ తాళాలాయన అంటారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయనకు తాళాలు కాక పెన్ను అప్పగించడం ఇదే మొదలు.

రోగుల్లో మొదట లెక్కల మాస్టారు అన్నిటికీ 'చాలా బాగుంది' అన్నారు. ఎవరిని ఇంటికి పంపాలో తేల్చే సమీక్షా మండలి ఎంతో సంతోషించి, ఇంత సుఖంగా ఉన్న మనిషిని బయటికి పంపడం అమానుషమని మరో రెండేళ్ళు ఉంచేసింది. తర్వాత వంటాయన అన్నిటికీ 'బాగా లేదు' అన్నాడు. జబ్బు నయం కాలేదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? ఆయనకు మూడేళ్ళు.

మూడో మనిషి దర్జీ. జబ్బు ముదిరిన రోజుల్లో తన కొట్టుకు తానే నిప్పు పెట్టుకుని వచ్చి పదకొండేళ్ళయింది. నయమై నాలుగేళ్ళు. ముందుగదికి సున్నం వేయించాననీ, కిటికీ పక్కన కుట్టుమిషను పెట్టించాననీ వాళ్ళక్క ఉత్తరం రాసింది. శుక్రవారం మండలి ముందుకు వెళ్ళాలి. అతను ఏం చెప్పినా మునిగేది అతనేనని తాళాలాయనకు తెలుసు.

భోజనం వేడిగా ఉంటుందా అంటే దర్జీ చల్లగా ఉంటుందన్నాడు. గోడమీది పట్టికలో 'వేడి భోజనం' అని స్పష్టంగా ఉంది కనుక, వాస్తవంపై పట్టు లేదని డాక్టరుగారు గుర్తు పెట్టుకున్నారు. ఈ ఆసుపత్రిని బంధుమిత్రులకు సిఫారసు చేస్తారా అన్నది తొమ్మిదో ప్రశ్న.

"సిఫారసు ఒక్కటే చాలదు కదండీ, ముందు వాళ్ళు ఏదో ఒక నేరం చెయ్యాలి" అన్నాడు దర్జీ.

బంధువులను నేరానికి పురికొల్పే ధోరణి అని డాక్టరుగారు నోట్ చేసుకున్నారు. ఇంతలో ఫోను మోగి ఆయన బయటికి వెళ్ళారు.

"తమ్ముడూ, కాస్త చూసి చెప్పరాదూ" అన్నారు తాళాలాయన గొంతు తగ్గించి.

దర్జీ నవ్వాడు. "టేపు పెట్టగానే ఎవరైనా పొట్ట లోపలికి లాగేస్తారన్నయ్యా. అందుకే కబుర్లలో పెట్టేవాణ్ణి. ఊపిరి వదిలాకే కొలిచేవాణ్ణి."

తాళాలాయన పెన్ను కింద పెట్టారు. అక్క గురించి, మిషను గురించి మాట్లాడుకున్నారు.

"ఇక్కడ నీకు నచ్చిందేదైనా ఉందా?"

"తాళం మీ చేతిలోనే ఉంటుంది. తలుపు లోపల్నుంచి నేను తియ్యలేను. అయినా మీరు రోజూ తట్టి గానీ రారు."

ముప్పై రెండు ప్రశ్నల్లో దానికి చోటు లేదు. తాళాలాయన ఆ మాటలను గళ్ళకు అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రాశారు.

జవాబులు లెక్కగట్టే యంత్రం ఆ పత్రాన్ని చదవలేక ఉమ్మేసింది. చెల్లదని ముద్ర పడింది. చెల్లని పత్రం మీద డాక్టరుగారి అభిప్రాయాలూ చెల్లవు. చూడడానికి కాగితమంటూ లేకపోయేసరికి, శుక్రవారం నాడు మండలి గత్యంతరం లేక మనిషితోనే మాట్లాడింది. పావుగంటలో అక్క దగ్గరికి పంపేసింది. ఈ లోపం ఇకముందు జరగకుండా కట్టుదిట్టమైన చర్యలు తీసుకున్నారు.

మరుసటి వారం సిబ్బంది సంతృప్తిని కొలిచారు. పేరు రాయనక్కర్లేదు. పెద్ద డాక్టరుగారి గదిలో, ఆయన ఎదురుగా కూర్చుని నింపితే చాలు. తాళాలాయన పొట్ట లోపలికి లాగి, ముప్పై రెండింటికీ 'చాలా బాగుంది' దగ్గర టిక్కు పెట్టారు.

మీ ఆఫీసులోనూ మొన్న ఇలాంటిదే ఒకటి నింపించుకున్నారట. పత్రం పైకి వెళ్ళిపోయింది లెండి, ఇక ఊపిరి వదలవచ్చు.