ఖాళీగా ఉన్న గడి

రెండు వేల రెండు జూన్‌లో ఆ ఉదయం మునీశ్వరి అనుకున్నది చిన్న పనే. పుంగనూరులో బస్సెక్కి, మదనపల్లె కాలేజీలో కూతురు రోజా ఇంటర్ అప్లికేషన్ ఇచ్చి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. అందులో గ్రూపు గడి తప్ప అన్నీ నిండాయి. మూడు రోజులుగా కనబడిన వాళ్లందరినీ అడుగుతూనే ఉంది. మరిది ఎం.పి.సి. అన్నాడు, పాలాయన బై.పి.సి. అన్నాడు. సాయంత్రం నాలుగుకు గడువు. తన చదువు పదిలోనే ఆగిపోయింది. ఆ గడిలో తప్పు రాస్తే బిడ్డ బతుకేమవుతుందోనని దారంతా కాగితాన్ని ఒళ్లో అదిమి పట్టుకుంది.

"మదనపల్లె హైస్కూల్లో ఈ పొద్దు అయివార్లంతా కూసోనుండారంట. పిల్లోళ్లు యేం సదవల్లో చెప్తారంట," అంది బస్సులో పక్కామె. నిజమే. కాకపోతే ఆ టీచర్లు కూర్చున్నది చెప్పడానికి కాదు, ఎలా చెప్పాలో నేర్చుకోవడానికి.

మునీశ్వరి బస్సు దిగి నేరుగా ఆ హైస్కూలుకే వెళ్లింది. గుమ్మంలో అటెండరు నల్లప్ప తలెత్తకుండానే రిజిస్టరు తోశాడు. "అందురూ వచ్చేసినారు మేడం, మీదొకటే మిగిలుండాది. ఈడ పెట్టండి సంతకం."

మేడం అనిపించుకోవడం ఆమెకు అదే మొదలు. భయపడి పెట్టేసింది. ఆ వరసలో ఉన్న పేరు కుప్పం టీచరు స్వర్ణలతది.

లోపల శిక్షణ ఇచ్చే వెంకటేశులు సారు ఆమెనే పిలిచాడు. "ఇప్పుడు నాటకం మాదిరి చేద్దాం. కృష్ణప్ప మాస్టరు కౌన్సెలరు. మీరు తల్లి."

"తల్లినే సార్."

"సూడండప్పా, అప్పుడే పాత్రలోకి పోయినారు."

మునీశ్వరి అప్లికేషన్ చాచింది. "నాలుగింటికి మూసేస్తారంట సార్. ఈడ యేం రాయల్లో చెప్పండి. నాకు మూడు దినాలుగా నిద్ర లేదు." కళ్లలో నీళ్లు తిరిగాయి. హాలంతా చప్పట్లు కొట్టింది.

కృష్ణప్ప పుస్తకం తిరగేసి, "ఇప్పుడేం చెప్పల్ల సార్?" అన్నాడు.

"ఆ పాఠం భోజనాలయినాక," అన్నాడు వెంకటేశులు.

ఆమె ఆగింది. భోజనాల తర్వాత ఉపన్యాసం మూడింటి దాకా సాగింది. అది కాగానే పాత్రలు మార్చారు. ఇప్పుడు ఆమె కౌన్సెలరు, కృష్ణప్ప తండ్రి.

"మావోడు ఇంజనీరింగే సదవల్ల మేడం. రాసీండి."

ఆమె గోడ గడియారం చూసింది. ఏమనాలో తోచక, "మీవోడేమంటాడు సార్?" అంది.

"వాణ్ణి యాల అడగల్ల?" అన్నాడు కృష్ణప్ప. అది నటన కాదని అందరికీ తెలిసిపోయింది.

"సదివేది వాడు గదా సార్."

అనేసి, తన మాట తనకే తగిలి, మునీశ్వరి గుమ్మం వైపు తిరిగింది. అప్లికేషన్ పట్టుకుని ఎస్టీడీ బూతుకు పరుగెత్తి, ఇంటి పక్క అంగడికి ఫోను చేసి రోజాను పిలిపించింది.

"పాపా, నీకే గ్రూపు కావల్ల?"

"సి.ఇ.సి. మా. మూడు దినాలుగా నీ ఎనకాలే తిరగతాండాను. నువ్వు పాలాయన్ని అడగతాంటివి."

నాలుగుకు పది నిమిషాలుండగా, కాలేజీ కౌంటరు దగ్గర గడి నిండింది.

బస్సు తప్పి ఆ రోజు శిక్షణకు రానే రాని స్వర్ణలత టీచరుకు, వారం తర్వాత కుప్పం బడికి, ఉత్తమ కౌన్సెలరు సర్టిఫికెట్ వచ్చింది. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.