ఒక్క ‘ఇంచు’ తక్కువ

లోకంలో జరిగిన ఘనకార్యాల్లో సగం ఒక్క ‘ఇంచు’ మింగేయడం వల్లనే జరిగాయి! ముప్ఫై ఏళ్ళుగా బడిలో వ్యాకరణం చెబుతున్నవాణ్ణి, కాబట్టి నా మాట నమ్మవచ్చు. క్రియకు ‘ఇంచు’ చేరిస్తే పని ఎదుటివాడిది. తీసేస్తే మనది. ఇల్లు కట్టించినవాడు ‘కట్టాను’ అంటాడు. బావి తవ్వించినవాడు ‘తవ్వాను’ అంటాడు. అరచేతిలో ఒక్క బొబ్బ ఉండదు. అదేమని ఎవరైనా అడిగారా?

కనుక ‘కారు ఇంజెక్టర్లు ఇంట్లోనే కడిగాను’ అని నేనంటే అది అబద్ధం కాదనీ, వ్యాకరణ సౌలభ్యమనీ మనవి. ఆ మాటకొస్తే ‘కడిగించాను’ అన్నా నిజం కాదు. కడిగేది మా ఆవిడ. కడగమని ఆవిడకు చెప్పే అధికారం నాకెవరూ ఇవ్వలేదు.

మా మామగారు మెకానిక్కు. కూతురికి పదో ఏటనే పానా చేతికిచ్చారు. కారు స్టార్టు చేయగానే వణకడం మొదలుపెడితే, ఆవిడ ఓ ఆదివారం పొద్దున్నే రంగంలోకి దిగుతుంది. ముందు పెట్రోలు పంపు ఫ్యూజు పీకి, ఇంజను దానంతటది ఆగిపోయేదాకా తిప్పుతుంది. గొట్టంలో ఒత్తిడి దిగాలట. తర్వాత బ్యాటరీ తీగ విప్పుతుంది. ఇంజనులోకి పెట్రోలు చిమ్మే నాలుగు చిన్న గొట్టాలుంటాయి, అవే ఇంజెక్టర్లు. వాటిని ఒక్కొక్కటిగా పైకి లాగి, మందు కొట్టి, మూతుల్లో మసి వదిలేదాకా కడిగి, కొత్త రబ్బరు రింగులకు చుక్క నూనె రాసి మళ్ళీ కూర్చోబెడుతుంది. ఈ మొత్తం కార్యక్రమంలో నాకు కేటాయించిన శాఖ టార్చి.

పని ముగిశాక, ఆవిడ చేతులు తుడిచి పడేసిన గుడ్డ తీసుకుని, ముక్కుకు కాస్త, చొక్కాకు కాస్త మసి పూసుకుని గేటు దగ్గర నిలబడతాను.

“ఏం మాస్టారూ, కారు పనా?” అంటారు పక్కింటి దర్జీగారు.

“అవునండీ, ఇంజెక్టర్లు కడిగాను.”

“మీకు రాని విద్య లేదండీ బాబూ,” అంటారు ఎదురింటాయన. ఆయన ఓ పత్రికకు వారం వారం గళ్ళనుడికట్టు కూర్చే పెద్దమనిషి.

పదేళ్ళు ఇలా సాగింది. వీధిలో నాకు ‘ఇంజెక్టర్ మాస్టారు’ అని పేరు కూడా స్థిరపడింది.

ఇంతలో ఆడవాళ్ళకు కార్ల మరమ్మతు నేర్పే శిక్షణ కేంద్రం ఒకటి పెట్టారు. నేర్పేందుకు మనిషి కావాలని ప్రకటన వేశారు. మా ఆవిడ ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు తెచ్చుకుంది. రాత్రి భోజనాల దగ్గర బల్ల మీద పెడితే చూశాను. ఇరవై ఏళ్ళలో ఆవిడ తనకోసం ఇంత ముచ్చటపడి తెచ్చుకున్నది ఇంకేదీ లేదు. చదువు కాగితాలు లేనివారికి అందులో ఓ వెసులుబాటు ఉంది: “దరఖాస్తుదారు సదరు పనిని స్వహస్తములతో చేయునని ఎరిగిన ఇరుగుపొరుగువారు ఇద్దరు సంతకము చేయవలెను.” గడువు శనివారం సాయంత్రం ఐదు.

శనివారం మధ్యాహ్నం ఆవిడ కాగితం పట్టుకుని పక్కింటికీ, ఎదురింటికీ వెళ్ళింది. పావుగంటలో వెనక్కి వచ్చింది. కాగితం ఖాళీగానే ఉంది.

“ఏమన్నారు?” అన్నాను.

“ఆ పని చేసేది మాస్టారు కదమ్మా అన్నారు ఇద్దరూ. నేను టార్చి పట్టుకుంటానట.”

కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అంది. కాగితం మడిచి బల్ల మీద పెట్టి, శుభ్రంగా ఉన్న చేతుల్నే వెళ్ళి మళ్ళీ కడుక్కుంది. నాకు సిగ్గేసింది. ఎంత వెతికినా వ్యాకరణంలో ఏ సౌలభ్యమూ దొరకలేదు.

కాగితం తీసుకుని బయటికి పరుగెత్తాను. ఇద్దరినీ గేటు దగ్గరికి పిలిచాను.

“అయ్యా, పదేళ్ళుగా మీకు అబద్ధం చెబుతున్నాను. కడిగేది ఆవిడ. టార్చి పట్టేది నేను. అదీ సరిగ్గా పట్టనని తిట్లు తింటాను.”

ఇద్దరూ నోళ్ళు వెళ్ళబెడతారనుకున్నాను. ఎవరూ చలించలేదు.

“తెలుసు మాస్టారూ,” అన్నారు దర్జీగారు.

“తెలుసా?”

“మన మధ్య గోడ ఎంతండీ? ‘అటు కాదు, ఇటు చూపించండి’ అని ఆవిడ కేకలు పదేళ్ళుగా వింటున్నాం. ఎప్పుడైనా మీ పరువు తీశామా?”

“మరి సంతకం పెట్టడానికేం?”

గళ్ళనుడికట్టు ఆయన గొంతు తగ్గించారు. “పెద్దవారు, మీరే ఆలోచించండి. మీ ఆవిడ పని మీ ఆవిడదేనని ఇవాళ మేం రాసిచ్చామనుకోండి. రేపు మా ఇళ్ళల్లో ఊరుకుంటారా?”

“మీ ఇళ్ళల్లో ఏముంది?”

ఆయన చెప్పుల వైపు చూసుకున్నారు. దర్జీగారు దగ్గారు.

“మా కుట్టుమిషను చప్పుడు మీకూ వినిపిస్తుంది కదా మాస్టారూ. నేనిక్కడ నిలబడి మీతో మాట్లాడుతున్నప్పుడు కూడా.”

వినిపిస్తుంది. పదేళ్ళుగా వినిపిస్తూనే ఉంది. అప్పుడూ వినిపిస్తోంది. నేనెప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఇరుగుపొరుగు మర్యాదంటే అదేననుకున్నాను.

ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోయింది.

దర్జీగారి భార్య మెడలో కొలతల టేపుతోనే బయటికి వచ్చింది. కిటికీ తెరిచే ఉందన్న సంగతి మా ముగ్గురికీ అప్పుడు తట్టింది. ఎదురింటావిడ కూడా చెవి మీద పెన్సిలుతో మెట్లు దిగుతోంది.

“ఏదండీ ఆ కాగితం? వదిన ఆ పని చేస్తుంటే గోడ మీదుగా ఎన్నిసార్లు చూశానో,” అంది దర్జీగారి భార్య. నా చేతిలోంచి లాక్కుని, గేటు స్తంభానికి ఆనించి సంతకం చేసింది. సంతకం కింద ‘వృత్తి’ అని ఓ గడి ఉంది. అందులో ‘దర్జీ’ అని రాసింది. ఎదురింటావిడ కాగితం అందుకుని, క్షణమైనా తడుముకోకుండా ‘గళ్ళనుడికట్టు కూర్పరి’ అని నింపింది.

నాలుగున్నరకు మా ఆవిడ ఆ కాగితం పక్క సీట్లో పెట్టుకుని కారు స్టార్టు చేసింది. ఇంజను వణకలేదు. వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ అందరం గేటు దగ్గరే నిలబడ్డాం.

అప్పుడే ఎవరో ఒకాయన గుడ్డల సంచీ పట్టుకుని వచ్చాడు.

“దర్జీగారున్నారాండీ?”

దర్జీగారు అలవాటు ప్రకారం ఓ అడుగు ముందుకేశారు.

“నేనే,” అంది ఆయన భార్య, మెడలోని టేపు తీస్తూ. “చెప్పండి, ఏం కుట్టాలి?”